బ్యాకప్ ఉంది సరే... రిస్టోర్ చేయడం వచ్చా?

నడుస్తున్న క్లౌడ్ డేటాబేస్‌లోకి పాత డేటాను జాగ్రత్తగా తిరిగి తేవడం... సిలబస్‌లో పెద్దగా కనిపించని, ఉద్యోగంలో మాత్రం తప్పక ఎదురయ్యే నైపుణ్యం ఇది. వారం రోజులు కేటాయిస్తే ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

భీమవరం, సూరంపాలెం, రాజానగరం... ఏ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లినా ఫైనలియర్ విద్యార్థుల రెజ్యూమెలో 'క్లౌడ్' అనే మాట కనిపిస్తుంది. డేటాబేస్ బ్యాకప్ అంటే ఏంటని అడిగితే దాదాపు అందరూ చెబుతారు. 'ఆ బ్యాకప్‌ను ఎప్పుడైనా తిరిగి ఎక్కించి చూశారా?' అని అడిగితే మాత్రం క్లాసు నిశ్శబ్దమైపోతుంది. కంపెనీకి డబ్బు నష్టం జరిగేదీ, రక్షించేవాడి విలువ తెలిసేదీ సరిగ్గా అక్కడే. బ్యాకప్ తీయడం సాఫ్ట్‌వేర్ దానంతట అదే చేసేస్తుంది. రిస్టోర్ మాత్రం మనిషి ఆలోచించి చేయాల్సిన పని.

కడియం నర్సరీ ఉదాహరణ

ఒక ఉదాహరణ అనుకుందాం. కడియంలో ఓ నర్సరీ. దేశమంతా మొక్కలు పంపిస్తుంది, ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుంటుంది. డేటాబేస్ క్లౌడ్‌లో ఉంది. నాలుగు వేల రకాల మొక్కల ధరలు ఒక టేబుల్‌లో, ఆర్డర్లు ఇంకో టేబుల్‌లో ఉన్నాయి. ఉదయం 11 గంటలకు గులాబీ ధరను 60 రూపాయలకు మార్చమన్నారు. కుర్రాడు 'అప్‌డేట్' కమాండ్ రాశాడు. 'వేర్' అనే షరతు పెట్టడం మరిచిపోయాడు. అంతే! చామంతి నారు నుంచి వేల రూపాయల బోన్సాయ్ దాకా అన్నీ 60 రూపాయలే.

మధ్యాహ్నం 2 గంటలకు గానీ ఎవరూ గమనించలేదు. ఈలోగా 140 కొత్త ఆర్డర్లు వచ్చాయి. కొందరు డబ్బు కూడా కట్టేశారు. తెల్లవారుజామున 2 గంటల బ్యాకప్ భద్రంగా ఉంది. ఇప్పుడేం చేయాలి?

'బ్యాకప్‌ను ఎక్కించేద్దాం' అన్నది తొందరలో వచ్చే జవాబు. ఎక్కిస్తే ధరలు సరిగ్గానే వస్తాయి. కానీ తెల్లవారుజాము 2 తర్వాత వచ్చిన ఆర్డర్లన్నీ పోతాయి. డబ్బు కట్టిన కస్టమర్ ఫోన్ చేస్తే 'మీ ఆర్డరే లేదండీ' అనాల్సి వస్తుంది. ఒక టేబుల్ బాగు చేయబోయి మొత్తం డేటాబేస్‌ను పన్నెండు గంటలు వెనక్కి నెట్టినట్టు!

ఖాళీ డేటాబేస్‌లోకి బ్యాకప్ ఎక్కించడం తేలిక. అప్పటికే డేటా ఉన్న, జనం వాడుతున్న డేటాబేస్‌లోకి ఎక్కించడమే కష్టం. దీనికి గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. నడుస్తున్న దాని మీద ఎక్కించకండి. పక్కన ఎక్కించండి, పోల్చి చూడండి, పాడైన ముక్కను మాత్రమే తెచ్చి అతికించండి.

ఒక్కో క్లౌడ్‌ది ఒక్కో పద్ధతి

'రిస్టోర్' అనే బటన్ అన్ని క్లౌడ్‌లలోనూ ఉంటుంది. అది నొక్కితే జరిగేది మాత్రం ఒకటి కాదు. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగితే మీరు నిజంగా వాడి చూశారని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

అమెజాన్ ఆర్‌డీఎస్: స్నాప్‌షాట్‌ను ఉన్న డేటాబేస్ మీద నేరుగా ఎక్కించనివ్వదు. ప్రతిసారీ కొత్త డేటాబేస్ ఇన్‌స్టన్స్ తయారవుతుంది, దానికి కొత్త చిరునామా వస్తుంది. ఆటోమేటిక్ బ్యాకప్‌లను గరిష్ఠంగా 35 రోజుల వరకు ఉంచుకోవచ్చు. ఆ వ్యవధిలో ఏ క్షణానికైనా, సాధారణంగా ఐదు నిమిషాల క్రితం వరకు, వెనక్కి వెళ్లొచ్చు. దీన్నే పాయింట్ ఇన్ టైమ్ రికవరీ అంటారు.

అజూర్ ఎస్‌క్యూఎల్: ఇదీ ఉన్న డేటాబేస్‌ను చెరిపి రాయదు. కొత్త పేరుతో రిస్టోర్ చేసుకుని, సరిగ్గా ఉందని తేలాక పేర్లు మార్చుకోవాలి.

గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్: వేరే ఇన్‌స్టన్స్‌లోకి ఎక్కించవచ్చు, అదే ఇన్‌స్టన్స్‌లోకీ ఎక్కించవచ్చు. రెండోది ఎంచుకుంటే అందులో ప్రస్తుతం ఉన్న డేటా మొత్తం పోయి, దాని స్థానంలో బ్యాకప్ నాటి డేటా వస్తుంది.

మాంగోడీబీ అట్లాస్: ఇప్పటికే ఉన్న క్లస్టర్‌ను గమ్యంగా ఎంచుకుంటే ముందు అందులోని డేటాను తుడిచేస్తుంది, తర్వాతే బ్యాకప్‌ను నింపుతుంది.

క్లౌడ్ లేకుండా మన లాప్‌టాప్‌లోనూ ఇలాంటి ఉచ్చులున్నాయి. మైఎస్‌క్యూఎల్ డంప్ ఫైల్‌ను తెరిచి చూడండి. మామూలు సెట్టింగ్స్‌తో తీసిన డంప్‌లో ప్రతి టేబుల్‌కూ ముందు 'ఆ పేరుతో టేబుల్ ఉంటే తీసెయ్' అనే ఆదేశం ఉంటుంది. ఉన్న డేటాబేస్‌లోకి దాన్ని ఇంపోర్ట్ చేస్తే పాత టేబుళ్లు మాయం! పోస్ట్‌గ్రెస్ డంప్ ఇందుకు భిన్నం. ప్రత్యేకంగా అడిగితే తప్ప ఉన్న టేబుళ్లను తీసేయదు. బదులుగా 'ఈ టేబుల్ ఇప్పటికే ఉంది' అని ఎర్రర్లు ఇస్తుంది. ప్రైమరీ కీ లేని టేబుల్ అయితే అవే వరుసలు రెండోసారి వచ్చి చేరతాయి.

గిట్‌ల్యాబ్‌లో ఆ రాత్రి

ఈ విషయంలో ప్రపంచమంతా పాఠంగా చదువుకునే ఘటన 2017 జనవరి 31న జరిగింది. సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో డేటాబేస్ సర్వర్లు రెండు. అసలుది ఒకటి, దాన్ని అనుసరించే కాపీ ఒకటి. కాపీ సర్వర్ వెనకబడిపోవడంతో దాని డేటాను తుడిచి మళ్లీ మొదటినుంచి నింపాలనుకున్నాడు ఓ ఇంజినీర్. అప్పటికే రాత్రి పొద్దుపోయింది. తుడిచే కమాండ్‌ను కాపీ సర్వర్‌లో కాకుండా అసలు సర్వర్‌లో ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలోనే పొరపాటు తెలిసి ఆపేశాడు. అప్పటికే సుమారు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది.

కంగారేముంది, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అనుకున్నారు. ఒక్కొక్కటే తెరిచి చూశారు. రోజూ తీయాల్సిన డంప్ కోసం వెతికితే అమెజాన్ ఎస్3 నిల్వ ఖాళీగా ఉంది. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే, డంప్ తీసే టూల్ 9.2 వెర్షన్‌ది. రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు సర్వర్ తిరస్కరించడంతో ఎవరికీ చేరలేదు. డిస్క్ స్నాప్‌షాట్లేమో డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేయనేలేదు. చివరికి ఆదుకున్నది అదృష్టం. వేరే పని కోసం ఓ ఇంజినీర్ దాదాపు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి టెస్టింగ్ సర్వర్‌లో దొరికింది. ఆ సర్వర్ డిస్కులు నెమ్మది. కాపీకి గంటల తరబడి పట్టింది. దాదాపు 18 గంటల తర్వాత సైట్ తిరిగి తెరుచుకుంది. కోడ్ రిపాజిటరీలు, వికీలు భద్రంగానే ఉన్నా, సుమారు 5,000 ప్రాజెక్టుల సమాచారం, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు పోయాయి. ఆ సంస్థ ఏదీ దాచలేదు. రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది, తర్వాత పూర్తి నివేదిక ప్రచురించింది.

ఆ నివేదికలో విద్యార్థులు గమనించాల్సిన చిన్న విషయం ఒకటుంది. డేటా ఎక్కించాక, సైట్ తెరవక ముందు, ఐడీ నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌లను 1,00,000 ముందుకు జరిపారు. ఎందుకు? పోయిన ఆరు గంటల్లో కొన్ని నంబర్లు అప్పటికే జనానికి వెళ్లిపోయాయి. అవే నంబర్లు కొత్తవాళ్లకు ఇస్తే ఒకరి లింకు ఇంకొకరి పేజీకి వెళ్లే ప్రమాదం ఉంది. మన నర్సరీ భాషలో చెప్పాలంటే ఒకే బిల్లు నంబరుతో రెండు బిల్లులన్నమాట. రిస్టోర్ అంటే ఫైల్ కాపీ కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

నర్సరీ డేటాను ఇలా కాపాడాలి

1. ముందు నష్టం ఆపండి. సైట్‌ను కాసేపు మెయింటెనెన్స్‌లో పెట్టండి, లేదా కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపండి. రాత్రిపూట నడిచే ఆటోమేటిక్ పనులనూ ఆపండి.

2. పాడైన స్థితికి కూడా స్నాప్‌షాట్ తీయండి. 'పాడైనదానికి బ్యాకప్ ఎందుకు?' అనిపిస్తుంది. మధ్యాహ్నం వచ్చిన 140 ఆర్డర్లు ఉన్నది అందులోనే. మీ బాగుచేత తేడా కొడితే వెనక్కి రావడానికి మిగిలే దారీ అదే.

3. సమయాన్ని సరిగ్గా పట్టుకోండి. పొరపాటు జరిగింది 11 గంటలకు. కాబట్టి మనకు కావాల్సింది 10.59 నాటి డేటా. చాలా క్లౌడ్ టూల్స్, లాగ్‌లు యూటీసీ సమయంలో ఉంటాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే అక్కడ ఇవ్వాల్సింది 5.29. ఇది మరిచిపోయి 10.59 అని ఇస్తే, మన గడియారంలో అది సాయంత్రం 4.29!

4. పక్కన కొత్త డేటాబేస్‌గా రిస్టోర్ చేయండి. కొత్త చిరునామా, ఫైర్‌వాల్ నిబంధనలు, పాస్‌వర్డ్‌లు సరిచూసుకోండి. అసలు యాప్ దానికి పొరపాటున కనెక్ట్ కాకుండా చూడండి. ఆర్‌డీఎస్‌లో స్నాప్‌షాట్ నుంచి వచ్చిన డేటాబేస్ మొదట్లో నెమ్మదిగా ఉంటుంది. డేటా వెనకాల నుంచి మెల్లగా లోడ్ అవుతుంటుంది కాబట్టి కంగారు పడొద్దు.

5. పోల్చండి. రెండింటిలో ఎన్ని వరుసలున్నాయి? ఏ ఐడీల ధరలు తేడాగా ఉన్నాయి? 11 తర్వాత ఎవరైనా నిజంగానే ధర మార్చారా? మార్చి ఉంటే వాటిని జాబితా నుంచి పక్కన పెట్టాలి. గులాబీ ధర 60 అన్నది సరైన మార్పే, దాన్నీ వదిలేయాలి.

6. ధరల కాలమ్ మాత్రమే తీసుకురండి. పక్క కాపీలోని ధరలను అసలు డేటాబేస్‌లో ఓ తాత్కాలిక టేబుల్‌లోకి తెచ్చి, ఐడీ ఆధారంగా జాయిన్ చేసి అప్‌డేట్ చేయండి. మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. ఎన్ని వరుసలు మారాయో చూసి, అనుకున్న సంఖ్య వస్తేనే కమిట్. లేదంటే రోల్‌బ్యాక్.

7. ట్రిగ్గర్ల సంగతి చూడండి. ధర మారినప్పుడల్లా కస్టమర్లకు మెసేజ్ పంపే ఏర్పాటు ఉందనుకోండి. ఒకేసారి వేల మెసేజ్‌లు వెళ్లిపోతాయి!

8. చివరగా యజమానితో మాట్లాడండి. 60 రూపాయలకే బోన్సాయ్ కొన్న కస్టమర్‌ను ఏం చేయాలి? అది డేటాబేస్ తేల్చే విషయం కాదు. ఆ 140 ఆర్డర్ల జాబితా తీసి చేతికివ్వడం మీ పని. నిర్ణయం ఆయనది.

పని అయ్యాక పక్క కాపీని కొద్దిరోజులు ఉంచి, తర్వాత తొలగించండి. మరిచిపోతే నెలాఖరున బిల్లు గుర్తుచేస్తుంది.

ఈ అతుకు పని రాజమహేంద్రవరానికి కొత్తేమీ కాదు. నన్నయ ఇక్కడ మొదలుపెట్టిన మహాభారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన ఖాళీని ఎర్రన పూరించాడు. మొదలు నన్నయ ధోరణిలో, చివర తిక్కన ధోరణిలో కలిసిపోయేలా రాశాడని చెబుతారు. ముందున్నదాన్నీ, తర్వాత వచ్చినదాన్నీ ముట్టుకోకుండా మధ్య ఖాళీని పూడ్చడం... మంచి రిస్టోర్ కూడా అంతే.

మొత్తం పోయినప్పుడు ఎలా?

అన్నిసార్లూ ఒక్క టేబుల్‌తో పోదు. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై అలాంటి దాడే జరిగింది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాను దుండగులు ఎన్‌క్రిప్ట్ చేశారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. రోగుల రిజిస్ట్రేషన్ నుంచి ల్యాబ్ రిపోర్టుల వరకు కాగితాల మీదే నడపాల్సి వచ్చింది. ఆస్పత్రిని ఆదుకున్నది దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్. దాని నుంచి డేటాను కొత్త సర్వర్లలోకి ఎక్కించారు. వైరస్ ఉన్న పాత సర్వర్‌లోకే ఎక్కిస్తే మళ్లీ మొదటికే వచ్చేది. ఇక్కడా అదే సూత్రం, పక్కన ఎక్కించు.

బ్యాకప్పే లేకపోతే ఏమవుతుందో 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా చూసింది. డేజియాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో అగ్నిప్రమాదం జరిగి, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే వ్యవస్థలోని 858 టెరాబైట్ల డేటా కాలిపోయింది. దానికి బయట మరో కాపీ లేదు.

ఈ ఘటనలన్నిటినీ కొలిచే కొలతలు రెండు. ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం అన్నది ఆర్‌పీవో. ఎంతసేపట్లో తిరిగి నిలబడాలి అన్నది ఆర్‌టీవో. ఈ ఆర్‌టీవో బండి లైసెన్సు ఇచ్చే ఆఫీసు కాదు సుమా! రోజుకోసారి మాత్రమే బ్యాకప్ తీస్తే మీ ఆర్‌పీవో 24 గంటలు. రోజుకు పది ఆర్డర్లు వచ్చే దుకాణానికి అది చాలు. రొయ్యల ఎగుమతి కంపెనీకో, బ్యాంకుకో అస్సలు చాలదు.

వారం రోజుల ప్రాక్టీస్

దీనికి డబ్బు కట్టి కోర్సు తీసుకోనక్కర్లేదు. మామూలు లాప్‌టాప్, ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ చాలు.

మొదటి రోజు: మూడు టేబుళ్లతో చిన్న డేటాబేస్ కట్టండి. మొక్కలు, కస్టమర్లు, ఆర్డర్లు. పది వేల వరుసలు నింపండి.

రెండో రోజు: డంప్ తీసి, వేరే పేరుతో ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించండి. వరుసల లెక్క సరిపోయిందా చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అదే మీ మొదటి ఆర్‌టీవో.

మూడో రోజు: అదే డంప్‌ను డేటా ఉన్న డేటాబేస్‌లోకి ఎక్కించి, వచ్చే ఎర్రర్లను ఒక్కొక్కటీ చదవండి. ఈ ఒక్కరోజు నేర్పేది పుస్తకం నేర్పదు.

నాలుగో రోజు: 'వేర్' లేని అప్‌డేట్ కావాలనే ఇవ్వండి. తర్వాత కొత్త ఆర్డర్లు చేర్చండి. ఒక్క ఆర్డరూ పోకుండా ధరలు తిరిగి తెండి.

ఐదో రోజు: లాగ్ ఫైళ్లను ఆర్కైవ్ చేయడం, వాటితో ఫలానా నిమిషానికి వెనక్కి వెళ్లడం ప్రయత్నించండి.

ఆరో రోజు: ఏదైనా క్లౌడ్‌లో అతి చిన్న డేటాబేస్‌తో ఒకసారి చేయండి. ముందే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. అయిపోగానే డేటాబేస్‌తో పాటు స్నాప్‌షాట్లనూ తొలగించండి.

ఏడో రోజు: రెండు పేజీల నివేదిక రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఏం పాడైంది, ఎలా తెలిసింది, ఎంతసేపు పట్టింది, ఎంత డేటా పోయింది... ఈ నాలుగూ ఉంటే చాలు.

ఇంటర్వ్యూలో ఇలా అడగొచ్చు

రెప్లికా ఉండగా బ్యాకప్ ఎందుకు? రెప్లికా అసలుదాన్ని అనుసరిస్తుంది. అసలులో తప్పు అప్‌డేట్ నడిస్తే కాసేపట్లో రెప్లికాలోనూ అదే నడుస్తుంది. యంత్రం చెడిపోతే రెప్లికా కాపాడుతుంది. మనిషి తప్పు చేస్తే బ్యాకప్ కాపాడుతుంది.

బ్యాకప్ పనిచేస్తుందని ఎలా నమ్ముతారు? 'సక్సెస్' అని వచ్చిన మెసేజ్ చూసి కాదు. నిర్ణీత వ్యవధిలో దాన్ని వేరే చోట ఎక్కించి, లెక్కలు పోల్చి చూస్తేనే నమ్ముతాను అనండి.

రిస్టోర్ తర్వాత ఏం చూస్తారు? వరుసల లెక్క, టేబుళ్ల మధ్య సంబంధాలు, ఐడీ సీక్వెన్స్‌లు, యూజర్ అనుమతులు. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. బ్యాకప్ తీశాక ఎవరైనా కస్టమర్ తన వివరాలు తొలగించమని కోరి, మీరు తొలగించి ఉంటే, రిస్టోర్‌తో అవి మళ్లీ వచ్చేస్తాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది చిన్న విషయం కాదు.

అవకాశాలు ఎక్కడ?

అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ తెరిచింది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. డేటా సెంటర్ గోడల లోపల ఉద్యోగాలు పరిమితమే. ఆ క్లౌడ్‌ను వాడే బ్యాంకులు, ఆస్పత్రులు, ఈ-కామర్స్, సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీల్లో మాత్రం డేటాను కాపాడేవాళ్లు కావాలి. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, క్లౌడ్ సపోర్ట్ ఇంజినీర్, డెవాప్స్ ఇంజినీర్, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్... పేరు ఏదైనా ఈ పని అందులో ఉంటుంది. ఫ్రెషర్లు క్లౌడ్ సపోర్ట్, డేటాబేస్ సపోర్ట్ పోస్టులతో మొదలుపెట్టవచ్చు.

రెజ్యూమెలో 'క్లౌడ్ పరిజ్ఞానం ఉంది' అని రాయడం మానండి. దాని బదులు 'పది వేల వరుసల డేటాబేస్‌ను పాడుచేసి, కొత్త ఆర్డర్లు ఒక్కటీ పోకుండా ఫలానా నిమిషాల్లో బాగుచేశాను' అని మీ లెక్కతో రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తర్వాతి ప్రశ్న దాని మీదే అడుగుతారు. జవాబు మీ చేతుల్లో ఉంటుంది, ఎందుకంటే ఆ పని మీరే చేశారు కాబట్టి.